చెల్లికి అందేలా

ఎవరో దాచిన డబ్బాలను జీపీఎస్ గుర్తులతో వెతికే ఆటలో ఆ అన్నాచెల్లెళ్లకు ఇది నలభై ఒకటోది. ఊతకర్ర పట్టుకునే చేతికి కాగితాలు అడ్డమని, ఆధారాలన్నీ ఎక్కించి ఆమెకు అరచేతిలో పట్టే పాత ఎలక్ట్రానిక్ ఆర్గనైజర్ ఒకటి అన్నయ్యే ఇచ్చాడు. అలాంటిదే తన దగ్గరా ఉంచుకున్నాడు.

వంతెన దగ్గర ఆమెది ఆరిపోయింది. "ఇదిగో, నాది చూడు" అని చేతిలో పెట్టి, అతను బండి నిలపడానికి వెళ్లాడు.

ఆధారం కింద అతను రాసుకున్నది కనిపించింది. "శుక్రవారం. డబ్బాను స్తంభం పైనుంచి దించి మెట్టు పక్కన పెట్టాను. చెల్లికి అందుతుంది."

వెనక్కి జరుపుతూ పోయింది. డబ్బా తర్వాత డబ్బా, అలాంటి మాటే.

అతను నవ్వుతూ వచ్చాడు. "దొరికిందా, డిటెక్టివ్ గారూ?"

"వీటిలో ఒక్కటైనా నేను కనిపెట్టానా అన్నయ్యా?"

అతని మొహం పాలిపోయింది. "మొదటిది నువ్వే కనిపెట్టావు. రెండుసార్లు వెతికినా అది నాకు దొరకలేదు. యాక్సిడెంట్ అయ్యాక నువ్వు నవ్వింది ఆ రోజే. మళ్లీ నవ్వుతావని..."

"అందుకని ఇన్నాళ్లూ నన్ను వెర్రిదాన్ని చేశావా?" ఆర్గనైజర్ తిరిగి ఇచ్చేసింది. "మిగతా నలభై ఎక్కడివక్కడ పెట్టిరా. ఈసారి నేనొక్కదాన్నే వస్తాను."