ఐరేని కుండలకు వీసా

"దుబాయిల లగ్గమైతే నేను పీటల మీద కూసోను" అని తెగేసి చెప్పిండు పెండ్లికొడుకు రాకేశ్.

కోరుట్లల శోభ ఇంట్ల లగ్గం ముచ్చటకు కూడినోళ్ల చేతులల్ల చాయ్ గ్లాసులు ఎక్కడియక్కడ ఆగినయి. పైసలున్నోళ్లు సోకుకు పరాయి దేశంల లగ్గం చేసుకుంటరు. శోభకు ఆ సోకు లేదు. అల్లుని కాళ్లు కడగాల్సిన తన మొగడు వెంకటేశం దుబాయిల ఉన్నడు. ఐదేండ్లసంది ఒకటే మాట, "కంపెనీ సెలవిస్తలేదు" అని. నాయిన లేకుంట పెండ్లి చేసుకోనని బిడ్డ నవనీత మొండికేసింది. మేనమామలిద్దరూ అక్కడనే ఉన్నరు. హాలు వాళ్లే మాట్లాడిన్రు, టికెట్లు వాళ్లే తీస్తమన్నరు. ఇగ కాదనేటోళ్లెవరు అనుకుంటే, అల్లుడే అడ్డం తిరిగిండు.

"ఏం కొరతొచ్చింది అల్లుడా?" అన్నది శోభ.

"ఐరేని కుండలు లేని లగ్గం లగ్గమేనా అత్తా? కుమ్మరింటికెళ్లి పాటలు పాడుకుంట తేవాలె గద!"

"తెస్తం. బట్టలు చుట్టి అట్టపెట్టెల పెట్టి తాళ్లు కడ్తం. అక్కడికెళ్లి టీవీలే పగలకుంట అచ్చినయి, ఇక్కడికెళ్లి కుండలు పోవా?"

"పోచమ్మ బోనం?" అని కొడుక్కు వంత పాడింది రాకేశ్ తల్లి ఐలవ్వ.

"వారం ముందుగాల్నే తీద్దాం వదినె. తల్లికి చెప్పే ఇమానమెక్కుదాం."

"మా చందుర్తి డప్పులో?" అన్నడు రాకేశ్.

"మా తమ్ముని రూంల డప్పులు కొట్టెటోళ్లు ముగ్గురున్నరు, రేకు డబ్బా ఇచ్చినా కొడ్తరు."

రాకేశ్ చెమట తుడుసుకున్నడు. "గౌండ్లోళ్ల లగ్గంల కల్లు లేకుంటె నలుగురు నవ్వరా?"

తలుపు సాటుకెళ్లి నవనీత అందుకున్నది.

"అక్కడ ఎటు చూసినా ఖర్జూరపు చెట్లేనట. ఈత చెట్టుకు అక్కచెల్లెండ్లే గద! మోకు పట్టుకచ్చి ఎక్కరాదు?"

అందరూ పక్కున నవ్విన్రు. అంతల వెంకటేశం వీడియో కాల్ చేసిండు. శోభ ఫోన్‌ను చాయ్ గ్లాసుకు ఆనిచ్చి పెట్టింది.

"ఏమాయె, తారీఖు ఖాయం చేసిన్రా?"

శోభ ఫోన్ రాకేశ్ దిక్కు తిప్పింది. ఆమె కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

"సాకులు సాలు అల్లుడా! నీ కాళ్లు కడగాలని గా మనిషి ఎంత ఆశ పడుతున్నడో చూడు. నిజం చెప్పు, నా బిడ్డ నచ్చలేదా?"

"అయ్యో, గట్లనకు అత్తా!" రాకేశ్ తల వంచుకున్నడు. "హైదరాబాద్‌ల రెండేండ్లు పనిచేసిన్నని మీకు చెప్పినం గద. అబద్ధం. గా రెండేండ్లు దుబాయిలనే ఉన్న. కంపెనీల పాస్‌పోర్టు ఇడిసిపెట్టి ఉరికిన. కాయిదాలు లేని ఖల్లివెల్లి అయిన. దొంగసాటుగ పనిచేసి యాష్టకొచ్చి, ఆఖరుకు అక్కడి సర్కారు మాఫీ పెట్టినప్పుడు ఏలిముద్రలు ఏసి, పాస్‌పోర్టు లేనోళ్లకిచ్చే ఔట్‌పాసు తీసుకోని ఇంటికచ్చిన. మల్ల అక్కడ అడుగు పెడితే సీదా జైలే."

ఐలవ్వ గోడ దిక్కు తిరిగింది. ఇగ సంబంధం తెగినట్టే అనుకుంట శోభ భయం భయంగ ఫోన్ దిక్కు చూసింది.

వెంకటేశం అటు ఇటు చూసి, ఫోన్‌కు మొఖం దగ్గర పెట్టి, గొంతు తగ్గించి అడిగిండు.

"అల్లుడా, గా ఔట్‌పాసుకు లైన్ ఏడ కట్టాల్నో జర చెప్పు. నేను కంపెనీలకెళ్లి ఉరికి నాలుగేండ్లాయె."