అంగారక నౌకలో ఆపరేషన్‌

ఇప్పుడు ఏ ఇంటి సీరియల్‌ ఆ ఇంటి టీవీ గోడే అల్లుతోంది. చూసేవాళ్లు అడిగితే కథ అక్కడికక్కడే మారుస్తుంది.

ఆ సాయంత్రం మా సీరియల్‌లో, అంగారక నౌకలో కెప్టెన్‌ గుండెకు ఆపరేషన్‌. మగ డాక్టరు కత్తి పట్టాడు. లేడీ డాక్టరు పక్కన నిలబడి కళ్లు తుడుచుకుంటోంది.

"ఆ పిల్లా డాక్టరేగా, ఏడుపెందుకు? ఆపరేషన్‌ తనని చెయ్యమను," అన్నారు మా అత్తగారు సుభద్రమ్మ, బీరకాయ చెక్కు తీస్తూ.

"చూసేవాళ్లు నమ్మరండి," అంది గోడ.

అత్తగారు పైట కాస్త జరిపి, గుండె మీది కుట్ల మచ్చ గోడకు చూపించారు.

"ఇది కోసి కుట్టింది ఇదిగో, ఈ కోడలే," అంటూ నా భుజం తట్టారు. "పదేళ్లయింది. నేను బతికే ఉన్నానని నమ్ముతావా?"

గోడ కత్తిని లేడీ డాక్టరు చేతికిచ్చింది. వెంటనే మగ డాక్టరు కళ్లు తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"అతన్నీ ఏడిపించకు," అంటూ అత్తగారు మళ్లీ బీరకాయ అందుకున్నారు. "లైటు పట్టుకోమను."