పదిహేడో చీటీ

బల్ల దగ్గర ఆమె లేదు. జీవన్ ఫోనూ లేదు.

నాచారంలో మూడు గంటల ఉద్యోగ పరీక్ష రాసి బయటికొచ్చిన జీవన్ ఆ ఖాళీ బల్లను చూసి అక్కడే నిలబడిపోయాడు.

పరీక్ష సెంటర్లోకి ఫోన్లు రానివ్వరు. అందుకే గేటు ఎదురుగా టార్పాలిన్ కింద బల్ల వేసుకుని లక్ష్మీనర్సమ్మ పిల్లల ఫోన్లు దాచిపెడుతుంది. పేర్లు అడగదు. రెండు చీటీల మీద ఒకే నంబరు రాసి, ఒకటి రబ్బరు బ్యాండుతో ఫోనుకు చుడుతుంది, రెండోది చేతిలో పెడుతుంది. జీవన్ చేతిలో ఉన్నది పదిహేడో నంబరు.

బల్ల ముందర ఒక పెద్ద పలక వేలాడుతుంటుంది. సుద్దముక్కతో తెలుగులో ఏదో రాసి ఉంటుంది. జీవన్ తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు. బళ్లో హిందీ తీసుకున్నాడు, ఇంటర్లో మార్కుల కోసం సంస్కృతం.

పక్క జిరాక్సు షాపు ఉమాపతి ఒక బుట్ట తెచ్చి అందరి ముందర పెట్టాడు. మిగతా ఫోన్లన్నీ అందులో ఉన్నాయి. పదిహేడో నంబరు ఒక్కటే లేదు.

"గిరాకి మస్తుండె తమ్మీ. బుట్ట జర సూడుమని ఇచ్చి ఆటో ఎక్కింది. ఇంకేదో గూడ అన్నది, మిషన్ సప్పుడుల వినపడలే."

జీవన్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. అన్నిట్లోకీ కొత్త ఫోను తనదే. అందులో మ్యాపు చూడందే అన్నోజిగూడలో ఉన్న సొంత ఇంటికి కూడా పోలేడు. తల్లి నంబరు నోటికి రాదు. తండ్రిదీ రాదు. ఇరవై రెండేళ్లొచ్చి, తన నంబరొక్కటే గుర్తున్న మనిషి.

స్నేహితుడు అభినవ్ బండి డిక్కీలోంచి తన ఫోను తీసిచ్చాడు. దాంతో జీవన్ తన నంబరుకు చేశాడు. మోగింది, ఎవరూ ఎత్తలేదు. ఇంకోసారీ అంతే.

"దొంగది. మంచి ఫోను జూసి లేపింది," అన్నాడు.

ఉమాపతి అడ్డుపడబోయాడు. ఆరేండ్ల నుంచి చూస్తున్నానని, ఒక్క ఫోనూ పోలేదని ఏదో చెప్పబోయాడు. వినడానికి ఎవరికుంది తీరిక? పోస్టు పెట్టడానికి మాత్రం అందరికీ ఉంటుంది.

జీవన్ ఖాళీ బల్లనూ పలకనూ కలిపి ఫొటో తీశాడు. పొద్దున అభినవ్ చేసుకున్న రీల్లో వెనకాల ఆమె ముఖం పడింది. దాన్ని కత్తిరించి పక్కన అతికించాడు. ఫోన్ దొంగ, కనబడితే పట్టుకోండి అని ఇంగ్లీషులో రాసి, ఉన్న గ్రూపులన్నిట్లోకీ వదిలాడు. కోపం ఇంకా మిగిలింది. బల్లను తన్నాడు. బల్ల బోర్లాపడి పలక ముక్కలైంది.

అరగంటలో నాలుగు వేల మంది ఆ ఫొటో పంచుకున్నారు. ఆమెను ఏనాడూ చూడనివాళ్లు ఆమెను నోటికొచ్చినట్టు తిట్టారు. చేతులు విరగ్గొట్టాలన్నారు. పాఠాలు చెప్పే లెక్చరరొకాయన కూడా దండం బొమ్మ పెట్టి, జాగ్రత్త పిల్లలూ అన్నాడు. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, నిజమేనా అని అడగలేదు.

కాసేపటికి వీడియో వచ్చింది.

ఉప్పల్లో ఒక మందుల షాపు ముందు నలుగురు కుర్రాళ్లు ఆమెను పట్టుకున్నారు. ఒకడు జుట్టు పట్టి గుంజాడు. ఒకడు ఆమె సంచి లాక్కుని ఫోను బయటికి తీశాడు. చేతిలో ఉన్న మందుల కవరు కింద పడితే ఇంకొకడు చెప్పుకాలితో తొక్కాడు. ఆమె చేతులు జోడించి ఏదో చెబుతూనే ఉంది. ఏం చెబుతోందో వినపడదు. వీడియోకు ఎవడో హుషారైన పాట తగిలించాడు.

జీవన్ దాని కింద చప్పట్ల బొమ్మ పెట్టాడు.

ఇంకాసేపటికి వాళ్లలో ఇద్దరు బండి మీదొచ్చి ఫోను అప్పజెప్పారు. ఆమెను పోలీసుల దగ్గర కూర్చోబెట్టామన్నారు. జీవన్‌తో సెల్ఫీ దిగి వెళ్లిపోయారు. ఫోనుకు చుట్టిన రబ్బరు బ్యాండూ, పదిహేడో చీటీ అలాగే ఉన్నాయి.

అంతలో ఫోను అదిరింది. తండ్రి నంబరు.

ఎత్తితే ఎవరో ఆడగొంతు. ఉప్పల్లో ఒక దవాఖానా పేరు చెప్పి, నర్సునన్నది.

"బుచ్చిరాములు చెల్లె మందులు తెస్తనని పోయి ఇంక రాలే. పేషెంటు ఆపరేషన్ టేబుల్ మీద ఉన్నడు. ఆమెను జల్ది రమ్మనుండ్రి."

బుచ్చిరాములు జీవన్ తండ్రి. ఆయనకు చెల్లెళ్లు లేరు.

కింద పలక ముక్కలు ఏరుతున్న ఉమాపతి చెయ్యి ఆగిపోయింది. రోజూ ఉండే 'ఫోన్లు భద్రం' వాటి మీద లేదు. ఏదో కొత్త రాత ఉంది. ఇందాక తీసిన ఫొటో చూపించమన్నాడు.

అప్పటికి తొమ్మిది వేల మంది పంచుకున్న ఆ ఫొటోలో పలకను వేళ్లతో పెద్దది చేసి, కళ్లద్దాలు సర్దుకుని, ఉమాపతి పైకి చదివాడు.

"పదిహేడో నంబరు బిడ్డా, మీ నాయినకు ఉప్పల్ల లారీ తగిలిందని ఫోనొచ్చింది, నీ పరీక్ష పాడైతదని లోపటికి కబురు పెట్టలే, నువ్వొచ్చేదాంక ఆయన చెల్లెనని చెప్పి నేనే దగ్గరుంట."