బకెట్ కింద బావ

"ఇంకాస్త పైకెత్తరా, చెయ్యాడట్లేదు!" అని కింది నుంచి అరిచాడు బావ.

సీట్లో కూర్చున్న బావమరిది ఎత్తలేదు. లీవరును కిందికి నొక్కాడు. పాత లోడరు బకెట్ మూలుగుతూ జానెడు దిగింది.

చిన్నాచితకా మట్టి పనులకు తిప్పుకుందామని ఇద్దరూ కలిసి తుక్కు ధరకు కొన్న బండి అది. బావ బకెట్ కింద దూరి, వెల్లకిలా పడుకుని గ్రీజు కొడుతున్నాడు.

"పిచ్చి పట్టిందా? ఎత్తరా!"

"అక్క పెదవి ఎలా చిట్లింది బావా?"

"బాత్రూంలో జారిపడింది."

బకెట్ ఇంకా దిగి, బావ ఛాతీని కదలనివ్వకుండా అదిమింది.

"కొట్టాన్రా! తాగున్నాను, కొట్టాను!"

"మరి అంతకుముందు చెయ్యి విరిగిందే, అది?"

"అదీ నేనే. తప్పైపోయింది. నీ కాళ్లు పట్టుకుంటా. ఇంకెప్పుడూ దాని జోలికెళ్లను."

ఆ ఒక్క మాట అనిపించడానికే అతను పొద్దుటి నుంచీ కాచుకుని ఉన్నాడు. ఇక బకెట్ ఎత్తేయాలి. కానీ చెయ్యి కదల్లేదు. వంగి చూశాడు. బావ మొహం చెమటతో తడిసిపోయింది, పెదవులు వణుకుతున్నాయి. చూస్తున్నకొద్దీ అతని ఒళ్లంతా ఏదో హాయి పాకింది.

"మళ్లీ చెప్పు."

"చెప్పాను కదరా..."

"వినపడలేదు. మళ్లీ చెప్పు."

బావ వెక్కుతూ మళ్లీ చెప్పాడు.

అక్క ఏడ్చి కాళ్ల మీద పడ్డాక కూడా ఈ మనిషి ఎందుకు ఆగడో అతనికి అప్పుడు అర్థమైంది.

లీవరును ఇంకొంచెం నొక్కాడు.