కువైట్ నంబరు

"మోగడంలేదమ్మా," గోవిందరాజులు ఫోను పెట్టేశాడు.

రుక్మిణమ్మ కదల్లేదు. ఆమె కొంగు పట్టుకుని ఒక పాప ఖర్జూరం తింటోంది. మనవరాలట, పేరు స్వర్ణ.

చౌడేపల్లె నుంచి మదనపల్లెకు వారం వారం ఇద్దరికీ బస్సు ఛార్జీలు, కూలిపని పోగొట్టుకోవడం వేరే. తాళ్ళూ గోనెసంచులూ అమ్మే అంగట్లో ఒక మూల ఫోన్ బూత్ పెట్టిన గోవిందరాజులుకు ఇంత నష్టపు బేరం అర్థం కాలేదు. కిందటేడు కువైట్‌లో యుద్ధం వచ్చినప్పుడు ఆమె యజమానులు లండన్‌లో ఉన్నారట. వాళ్ళింట్లో వంట చేసే రుక్మిణమ్మ ఎడారి దాటి, కాందిశీకుల విమానమెక్కి వచ్చేసింది. ఇప్పుడు మళ్ళీ ఆ పనికే పాకులాడుతోంది.

"పేపర్లో ఏం రాసినారప్పా?"

"రాజు తిరిగొచ్చినాడంట. ఎలక్షన్లు పెడతామంటాండారు. నూనె బావులు మాత్రం ఇంకా మండుతాండాయి."

"పోలీసులుండారా?"

"ఉండారు. అంగళ్ళూ తెరిచినారు."

"పాలు దొరుకుతాయా? బడులు?"

గోవిందరాజులు పేపరు మడిచేశాడు. "వంటమనిషికి బడులతో ఏం పనమ్మా? జీతమెంతో అడగాల గానీ. ఈడ టమోటా మండీలో కూలి దొరకదా? కాలిపోయిన దేశాన్ని యాల పట్టుకోని యాలాడతావు?"

"నమ్మి అప్పజెప్పి పోయినారప్పా."

"ఇంటికి తాళమేసి వచ్చినావు గదా. ఇంకేముండాది?"

ఆమె పాప మూతికంటిన ఖర్జూరం కొంగుతో తుడిచింది. గోవిందరాజులు పాపకు పిప్పరమెంటు ఇచ్చాడు. "నీ ఊరేది పాపా?"

స్వర్ణ ఆమె వెనక్కి నక్కింది.

"మూగదా ఏంది?"

"సిగ్గప్పా. ఇంకొక్కసారి చెయ్యి నాయనా."

విసుక్కుంటూనే నంబరు తిప్పాడు. ఈసారి అవతల గంట మోగింది. రుక్మిణమ్మ ఫోను లాక్కుంది. అరబ్బీలో ఏవో నాలుగు మాటలు అంది. అవతలి నుంచి ఒక ఆడమనిషి కేక గోవిందరాజులు దాకా వినిపించింది. రుక్మిణమ్మ గోనెసంచుల మీద కూలబడి ఏడ్చేసింది.

మీటరు తిరుగుతోంది.

"పని ఇస్తామన్నారా?"

ఆమె ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టింది. "అడగలేదప్పా."

"మరేం చెప్పినావు తల్లీ?"

రుక్మిణమ్మ పాపను దగ్గరికి లాక్కుని ఫోను దాని చెవికి ఆనించింది.

"నీ బిడ్డ నా కాడ సల్లగా ఉండాదని చెప్పినానప్పా."