తాబేలు పార్కింగ్

"గంటసేపు పెట్టినా ఇంతే సార్, రోజంతా పెట్టినా ఇంతే," అన్నాడు బూత్‌లో మనిషి, పసుపు స్లిప్పు చింపుతూ.

ఆ ఎమ్యూజ్‌మెంట్ పార్కులో కారు నిలబెట్టడానికి తీసుకునేది పాప టికెట్ కంటే ఎక్కువ. స్టీరింగ్ ముందున్న ఏసీ మెకానిక్‌కి ఒళ్లు మండింది.

"మా కారు కూడా రంగులరాట్నం ఎక్కుతుందా ఏంటండీ?"

బూత్‌లో మనిషి నవ్వాడు. ఆ మాట రోజుకి ఎన్నిసార్లు వింటాడో పాపం.

"స్లిప్పు జాగ్రత్త సార్. అది లేకపోతే బండి బయటికి వదలం."

వెనక సీట్లోంచి ఏడేళ్ల కూతురు తల బయటికి పెట్టింది. "పోతే ఏం చేస్తారు అంకుల్?"

"ఏముంది తల్లీ, నువ్వూ మీ నాన్నా ఇక్కడే మాతోపాటు ఉండిపోవడమే."

మెకానిక్ స్లిప్పుని చొక్కా జేబులో పెట్టి, గుండీ పెట్టుకున్నాడు.

పార్కింగ్ స్థలాలకి జంతువుల పేర్లు పెట్టారు. గుర్రం నిండిపోయింది. ఒంటె నిండిపోయింది. వీళ్లకి తాబేలు దక్కింది. అక్కణ్ణుంచి చూస్తే పార్కులోని జెయింట్ వీల్ చేతిగాజంత కనిపిస్తుంది. గేటు దాకా తీసుకెళ్లడానికి షటిల్ బస్సు ఉంది గానీ, అది నిండితే తప్ప కదలదు.

అరగంటైనా నిండలేదు. "ఇంటి నుంచి ఇంత దూరం గంటలో వచ్చాం, ఇక్కణ్ణుంచి గేటుకి మాత్రం సాయంత్రానికి చేరేలా ఉన్నాం," అని ఒకావిడ సణిగింది. డ్రైవర్ తాపీగా పేపరు తిరగేశాడు.

అందరూ విసుక్కుంటున్నారు. మెకానిక్‌ది మాత్రం విసుగు కాదు, భయం. విడాకులయ్యాక కోర్టు అతనికి ఇచ్చింది నెలకో ఆదివారం, పది నుంచి ఆరు దాకా. పోయిన నెల ట్రాఫిక్‌లో ఇరుక్కుని నలభై నిమిషాలు ఆలస్యంగా దింపాడు. కోర్టు కౌన్సెలర్ పిలిచి చెప్పింది. "ఇంకొక్కసారి ఇలా జరిగితే పాపని బయటికి పంపడం కుదరదండీ. మా ఆఫీసులోనే, మా ఎదురుగా, ఒక గంట కలవాల్సి ఉంటుంది." ఆ గది అతను చూశాడు. ఒక బల్ల, మూడు కుర్చీలు, చక్రం ఊడిన బొమ్మ లారీ.

బస్సులో పాప అతని ఒళ్లో కూర్చుంది. అతని జేబు గుండీ తీస్తూ, పెడుతూ ఆడుకుంటోంది.

"నాన్నా, ఎన్నింటికి వెళ్లిపోవాలి?"

"ఆరింటికల్లా అమ్మ దగ్గరుండాలి పిచ్చుకా. అంటే నాలుగింటికే బయల్దేరాలి."

పాప మళ్లీ గుండీ తీసింది, పెట్టింది.

లోపల మాత్రం బాగానే గడిచింది. రెండుసార్లు జెయింట్ వీల్ ఎక్కారు. పైనుంచి పాప అదుగో మన కారంటూ ఒక్కోదాన్నీ చూపించింది. అన్నీ తప్పే. మధ్యాహ్నం నుంచి పాప ఎడమకాలు కుంటుతోంది. "బూటు కరుస్తోందా? ఏదీ, విప్పి చూద్దాం," అన్నాడు. "వద్దు నాన్నా," అని కాలు వెనక్కి లాక్కుంది. అయితే రా అని భుజాల మీద ఎక్కించుకున్నాడు. ఎంత బరువు పెరిగిందో అప్పుడు తెలిసింది. నెలకోసారి ఎత్తుకుంటే అంతే మరి.

నాలుగింటికి షటిల్ దగ్గరున్నారు. అది నిండి, కదిలి, తాబేలు చేరేసరికి ఐదు కావొస్తోంది. బయటికెళ్లే గేటు దగ్గర మెకానిక్ జేబులో చెయ్యి పెట్టాడు.

గుండీ పెట్టే ఉంది. స్లిప్పు లేదు.

పర్సు వెతికాడు. సీట్ల కింద వెతికాడు. పరిగెత్తుకెళ్లి బస్సంతా గాలించాడు. వెనక కార్లు హారన్లు కొడుతున్నాయి. పాప కారుకి ఆనుకుని కుదురుగా నిలబడింది. ఏడవలేదు, విసిగించలేదు. బంగారు తల్లి, అనుకున్నాడు.

"రెట్టింపు తీసుకోండి. పదింతలు తీసుకోండి. నన్ను పంపించండి అన్నా," అని బతిమాలాడు.

"డబ్బు సంగతి కాదు సార్. బండి మీదేనని మా సూపర్‌వైజర్ కాగితాలు చూసి సంతకం పెట్టాలి."

"ఎక్కడున్నాడాయన?"

"మెయిన్ గేటు దగ్గర. షటిల్‌లో వస్తున్నారు."

షటిల్ నిండాలిగా. మెకానిక్ పాప తల్లికి ఫోన్ చేసి స్లిప్పు పోయిందని చెప్పాడు.

ఆరు దాటాక గేటు లేచింది. అంతసేపూ నోరెత్తని పాప అప్పుడు వెక్కి వెక్కి ఏడ్చింది. "వదిలేశారు కదమ్మా, ఇంకేం భయం?" అన్నాడు మెకానిక్. పాప ఇంకా గట్టిగా ఏడ్చింది. దారంతా ఏడుస్తూనే ఉంది.

తల్లి గుమ్మంలోనే నిలబడి ఉంది. పాపని తల నుంచి కాళ్ల దాకా తడిమి చూసుకుంది. ఆ తర్వాతే అతనివైపు తిరిగింది.

"ఏడుంబావు. పోయిన నెల ట్రాఫిక్, ఈ నెల స్లిప్పు."

"నిజంగానే పోయింది."

"కావచ్చు. రేపు కౌన్సెలర్‌కి చెప్పక తప్పదు. మీమీద కక్షతో కాదు. ఇంతసేపూ నా ప్రాణం నా దగ్గర లేదు."

అతనికి ఆ గది కళ్ల ముందు మెదిలింది.

"చెప్పు. నీ తప్పేం లేదు. పోగొట్టింది నేనే."

గడప మీద కూర్చున్న పాప ఎడమ బూటు లాగేసరికి నాలుగు మడతల పసుపు స్లిప్పు జారి కింద పడింది, పాప గబుక్కున దానిమీద పాదం పెట్టి నాన్న మొహంలోకి చూసింది.