ఎర్రదారం పట్టకారు

భావనారాయణ స్టాంపుల ఆల్బం తీశాడంటే ఇంట్లో ఫ్యాను ఆపేయాలి. తుమ్మొస్తే వీధిలోకి పోయి తుమ్మాలి. స్టాంపుని చేత్తో ముట్టుకున్నవాడు ఆయన దృష్టిలో మనిషే కాదు. పట్టకారుతో ఎత్తాలి, భూతద్దంలోంచి చూడాలి.

ఈ రిటైర్డు లెక్కల మాస్టారి పిచ్చి విజయనగరంలో చాలామందికి తెలుసు. ఇప్పుడది కూతురు గౌతమి పెళ్లికి అడ్డం పడింది. పెళ్లిచూపులకొచ్చిన ప్రతివాడి ముందూ ఆల్బం పెట్టి, "ఆ మూలనున్నది తీసి చూపించు బాబూ" అంటాడు. శ్రీకాకుళం బ్యాంకు కుర్రాడు వేలు నాలిక్కి రాసుకుని పేజీ తిప్పాడు. విశాఖ ఇంజినీరు ఆల్బం మీద కాఫీకప్పు పెట్టాడు. ఇద్దరికీ ఉప్మా అయినా దక్కలేదు.

"మీకు అల్లుడు కావాలా, పట్టకారు కావాలా?" అని భార్య జగదీశ్వరి నెత్తి కొట్టుకుంది.

"పట్టకారు పట్టడం వచ్చిన అల్లుడు కావాలి."

గౌతమికి ఇక్కడే చిక్కొచ్చింది. ఆమె మనసిచ్చిన కామేష్‌ది గజపతినగరంలో మిఠాయికొట్టు. వాడి వేళ్లకి పొద్దస్తమానం నెయ్యే!

ఏం చేస్తుంది పాపం? తండ్రి ఎప్పుడూ తాళం వేసుంచే స్టాంపు సామాన్ల డబ్బా, ఓ రోజు అదృష్టం కొద్దీ తెరిచే ఉంది. జారకుండా ఆయన ఎర్రదారం చుట్టుకున్న పట్టకారూ, ఓ కవరు నిండా డూప్లికేట్ స్టాంపులూ లేపేసి కామేష్‌కి పంపించింది.

మర్నాడు ఇల్లంతా రభస. పనిమనిషి దాలమ్మని కూడా నిలదీశాడు మాస్టారు.

"దాంతోటి నాకేటి పని బాబూ? మాకు ముల్లు దిగితే పిన్నీసుతో తీసుకుంతాం" అని ఆవిడ చీపురు పట్టుకుని పోయింది.

"పట్టకారు దొరికేదాకా ఈ ఇంట్లో పెళ్లిచూపుల్లేవు!" అని తేల్చేశాడు భావనారాయణ.

అక్కడ కామేష్ తంటాలు వేరు. మొదటివారం చిరిగిన స్టాంపులతో చెత్తబుట్ట నిండింది. "బూందీ నలక్కుండా ఒక్కొక్కటే ఎత్తడం నేర్చుకో" అని ఫోన్లో గౌతమి హోంవర్కిచ్చింది. వాడు పట్టకారుతో బూందీ ఏరుతుంటే, కొట్టుకొచ్చినవాళ్లు "ఈడికేటో అయ్యింది" అనుకున్నారు.

మూణ్ణెల్లు గడిచాక, ఏమీ ఎరగనట్టు, మధ్యవర్తి కామేష్ సంబంధం తెచ్చాడు. "కుర్రాడికి స్టాంపులంటే ప్రాణమండీ. పట్టకారు కూడా ఆడిదే ఉన్నాది!"

భావనారాయణ మెత్తబడ్డాడు. ఆదివారం రమ్మన్నాడు.

ఫ్యాను ఆగింది. ఆల్బం తెరుచుకుంది. కామేష్ రుమాలుతో చేతులు తుడుచుకుని, జేబులోంచి పట్టకారు తీశాడు. ఎర్రదారం విప్పేశాక పట్టకార్లన్నీ ఒకటేనని గౌతమి ధైర్యం. అయినా తలుపుచాటు నుంచి రెప్ప వెయ్యకుండా చూస్తోంది.

వాడి ముక్కు చివర చెమట చుక్క వేలాడింది. చటుక్కున తల వెనక్కి లాక్కున్నాడు. స్టాంపు లేచింది, వెనక్కి తిరిగింది, బుద్ధిగా మళ్లీ అరలో కూచుంది. అంచుల్లో ఒక్క పన్ను కూడా విరగలేదు.

జగదీశ్వరి శ్రీకూర్మనాథుడికి దండం పెట్టుకుంది.

భావనారాయణ పట్టకారు అందుకున్నాడు. భూతద్దం పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. గౌతమి తలుపు ఇంకాస్త దగ్గరికి వేసుకుంది.

"పనితనం బాగున్నాది గానీ అల్లుడూ," అన్నాడు భావనారాయణ, "మా అమ్మాయి కోసం డబ్బా తాళం నేను తీసిపెట్టి మూణ్ణెల్లయింది, ఓ పట్టకారు పట్టడం నేర్చుకోడానికి ఇన్నాళ్లేటయ్యా?"